ట్రిగ్గర్లు తూచే జయరామయ్య

ప్రొద్దుటూరులో బంగారం తూచేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. మనుషుల కోపాన్ని గ్రాముల్లో తూచేవాడు మాత్రం ఊరు మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. ఆయన మా జయరామయ్య మామ. పోయిన కార్తీకంలో ఆయన కాలం చేశాక ఆ కొలత చెప్పేవాళ్ళు లేరు. ఎవరిని ఎంతవరకు కదిలించవచ్చో తెలియక జనం ఎడాపెడా పోట్లాడుకుంటున్నారు.

మామ అంటే చుట్టరికం ఏమీ లేదు. ఆయనది బంగారు అంగడి. నాది పులివెందుల పక్కన లింగాల దగ్గర చీనీ తోటల ఇల్లు, బత్తాయిని మా వైపు చీనీ అంటారు. పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చాను. మా ఇద్దరినీ కలిపింది తుపాకీ. కంగారు పడకండి. కడప జిల్లాలో తుపాకీ క్లబ్బు పెట్టామనగానే బెజవాడలో ఉండే మా ఆడపడుచు కూడా ఇలాగే కంగారుపడి, "పిల్లల్ని కొన్నాళ్ళు మా దగ్గరికి పంపించెయ్యి ప్రసూనా" అని ఫోన్ చేసింది. మా క్లబ్బులో ఇంతవరకు చచ్చింది కాగితం ఒక్కటే.

మాది బెంచ్‌రెస్ట్ ఆట. ఊరి చివర మూతపడిన నూనె మిల్లు షెడ్డులో, గాలితో కాల్చే ఎయిర్ రైఫిళ్ళతో ఆడతాం. రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచులపై పడుకోబెట్టి, వెనక స్టూలు వేసుకుని కూర్చుని, స్కోపులోంచి చూసి, దూరంగా కాగితం మీదున్న చుక్కల్ని కొట్టాలి. తుపాకీ బరువు ఇసుక మోస్తుంది. గురి స్కోపు చూపిస్తుంది. మనిషికి మిగిలేది చూపుడు వేలితో ట్రిగ్గర్ నొక్కే పని ఒక్కటే. గొడవంతా ఆ ఒక్క పని దగ్గరే వస్తుంది.

ట్రిగ్గర్ గట్టిగా ఉంటే నొక్కేటప్పుడు తుపాకీ వెంట్రుకవాసి కదులుతుంది, గుండు చుక్క తప్పుతుంది. అందుకని ప్రతివాడికీ స్క్రూ తిప్పి ట్రిగ్గర్‌ను తేలిక చేసుకోవాలని చేతులు దురదగా ఉంటాయి. మరీ తేలిక చేస్తే వేలు సరిగ్గా ఆనకముందే పేలుతుంది. బల్లకు మోకాలు తగిలినా పేలుతుంది. గాలి తుపాకీయే కదా అనుకోవడానికి లేదు. అంత చిన్న గుండుకు కూడా ఒక కన్ను తీసుకుపోయే శక్తి ఉంటుంది. అందుకే ఏ ట్రిగ్గరైనా కనీసం నూట యాభై గ్రాముల బరువు మోయాలని మా పోటీల నియమం. మోయలేని తుపాకీ ఆ రోజుకు బయటే.

ఆ తూచే పని మూడూళ్ళ వాళ్ళూ కలిసి మామకు అప్పజెప్పారు. పులివెందుల వాళ్ళు జమ్మలమడుగు వాళ్ళను నమ్మరు, జమ్మలమడుగు వాళ్ళు మమ్మల్ని నమ్మరు, మేము మమ్మల్నే నమ్మం. మామను మాత్రం అందరూ నమ్మారు. ఆయన తూకం ఒక పూజలాగా సాగేది. ముందు తుపాకీలో గుండు లేదని తాను చూసుకుని, తెచ్చినవాడికి చూపించి, పక్కనున్నవాడికి కూడా చూపించేవాడు. ఖాళీ తుపాకీనే లివర్ లాగి ఎక్కుపెట్టి, మూతి ఆకాశానికి ఉండేలా నిలబెట్టేవాడు. ఎర్ర మఖమలు గుడ్డలోంచి కొక్కెం ఉన్న ఇత్తడి తూకం రాయి తీసి, కళ్ళకద్దుకుని, ట్రిగ్గర్‌కు తగిలించి, తుపాకీని మెల్లగా పైకి లేపేవాడు. రాయి గాలిలో వేలాడుతున్నా ట్రిగ్గర్ కదలకపోతే "నిలిచింది" అనేవాడు. టక్కుమంటే "జారింది" అనేవాడు. మూడో మాట ఉండేది కాదు.

"మామా, ఒక్క నూలుపోగంత తేడా కదా" అని మా నాసిర్ ఒకసారి బతిమాలాడు. నాసిర్ మా జట్టు మనిషే. కుట్టు మిషన్లు రిపేరు చేస్తాడు, మా తుపాకులూ వాడే చూస్తాడు.

"నూలుపోగంత తేడా అని నువ్వంటాండావు నాసిరూ. గుండు అట్లనుకుంటాదా?" అన్నాడు మామ. నాసిర్ ఆ రోజంతా కుర్చీలో కూర్చుని మాకు నీళ్ళ బాటిళ్ళు అందించాడు.

ఇంతవరకైతే క్రమశిక్షణ అని సరిపెట్టుకోవచ్చు. మామ అక్కడ ఆగలేదు. ఆయన లెక్కలో మనిషికీ ఒక ట్రిగ్గర్ ఉంటుంది. ఎంత బరువు పెడితే పేలుతాడో అదే ఆ మనిషి తూకం. గ్యాస్ లైటరు కొన్నా, కొత్త డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఆయనకు కావలసింది ఆ సంఖ్యే.

ఒకసారి జమ్మలమడుగు బస్సులో ఒక అవ్వ గంపలో కోడిని పెట్టుకుని ఎక్కింది. కండక్టరు ఇంతెత్తున లేచాడు. బస్సంతా అటో ఇటో చేరి అరుస్తుంటే మామ కళ్ళు మూసుకుని, "డెబ్బై గ్రాములు" అన్నాడు. తర్వాత సంచిలోంచి బొరుగుల ఉగ్గాని పొట్లం తీసి కండక్టరు చేతిలో పెట్టాడు. "తినప్పా. నీ అసలు తూకం ఇది గాదు. పొద్దున్నుంచి ఏం తిన్యట్టు లేదు నువ్వు." కండక్టరు తిన్నాడు. కోడి దర్జాగా జమ్మలమడుగు చేరింది. ఆ ఉగ్గాని నిజానికి నా కోసం తెచ్చింది, అది ఇప్పటికీ నాకు గుర్తుంది.

సంబంధాలు చూసేవాళ్ళు కూడా ఆయన్ను వెంట తీసుకుపోయేవాళ్ళు. ఆయన పెళ్ళికొడుకును ఉద్యోగం అడగడు, ఆస్తి అడగడు. లేచేటప్పుడు చూసుకోనట్టు అబ్బాయి కొత్త బూటు మీద కాలేసి గట్టిగా తొక్కేవాడు. అబ్బాయి మొహం చూసి, బయటికొచ్చి పిల్ల తండ్రి చెవిలో చెప్పేవాడు. "నాలుగొందలు మోస్తాడు. కళ్ళు మూసుకుని ఇచ్చెయ్." సింహాద్రిపురంలో ఒక అబ్బాయి మాత్రం, తొక్కీ తొక్కకముందే "కళ్ళు కనపడవా?" అన్నాడట. ఆ సంబంధం కాఫీలతో ఆగిపోయింది.

నాది ఎనభై గ్రాములని తేల్చాడు. "ఎనభై కూడా పొద్దున పూటే. అన్నం ఆలస్యమైతే అరవైకి దిగుతాది ప్రసూనమ్మ" అని క్లబ్బు మొత్తం వినేట్టు చెప్పాడు. నేను అందుకు పేలాను. "సూసినారా? అరవై" అన్నాడు.

"మీ ఇంట్లో అత్తది ఎంత మామా?" అని అడిగితే మాత్రం మాట మార్చేవాడు. "సాయంత్రం నేను ఇంటికి పోవాలమ్మా" అనేవాడు.

అందరిదీ చెప్పిన మనిషిది ఎంతో తెలుసుకోవాలని నాసిర్‌కు పట్టుదల పుట్టింది. కాఫీలో ఉప్పు వేశాడు. మామ తాగి, "పాలు విరిగినట్టుండాయి, పిల్లోల్లకు ఇయ్యొద్దు" అన్నాడు. కళ్ళద్దాలు దాచాడు. మామ తడుముకుంటూ వచ్చి వాడి భుజం పట్టుకుని, "నాసిరూ, ఎవురో పాపం నా అద్దాలు తీసుకుపోయినారు. వాళ్ళకు ఎంత మసకగా ఉందో ఏమో" అన్నాడు. స్కూటర్ టైర్లలో గాలి తీశాడు. మామ నడిచి ఇంటికి పోయి, మర్నాడు వచ్చి వాడికి థ్యాంక్స్ చెప్పాడు. డాక్టరు నడవమన్నాడట.

"ఈ మనిషికి ట్రిగ్గర్ లేదు. తయారు చేసేటప్పుడు మర్చిపోయినారు" అన్నాడు నాసిర్ విసిగిపోయి.

ఇప్పుడు కప్పు సంగతి చెప్పాలి. ఏటా జమ్మలమడుగులో మూడూళ్ళ పోటీ జరుగుతుంది. జట్టుకు నలుగురు, అందులో ఎక్కువ వచ్చిన ముగ్గురి మార్కులు కలుపుతారు. కప్పు ఎప్పుడూ పులివెందులకే పోతుంది. పులివెందుల జట్టు కెప్టెను మా బాబాయి కొడుకు ప్రవీణ్. పుట్టింటి వాళ్ళు కప్పు ఎత్తుకుపోతుంటే చప్పట్లు కొట్టాల్సి రావడం ఎంత కష్టమో నన్ను అడగండి. ఆరేళ్ళ కిందట ఒక్కసారి కప్పు మాకు వచ్చే వీలు కుదిరింది. మామ గురి ఆ ఏడు అంత బాగుంది. ఐదు గుండ్లు కొడితే కాగితం మీద ఒక్క బొక్కే కనిపించేది.

ఆ ఏడే జట్టులోకి బిస్మిల్లా బీ వచ్చింది. దర్జీ పని చేస్తుంది, యాభై దాటాయి. నాసిర్ దగ్గర మిషన్ రిపేరుకు వచ్చి, షెడ్డులోకి తొంగిచూసి, సరదాకు ఒక గుండు కొట్టి, ఇక వదల్లేదు. సూదిలో దారం ఎక్కించే కళ్ళు, అదరని చేయి. ఆమెకూ మామకూ క్లబ్బు ఒకే సరుకులోంచి ఒకే రకం తుపాకులు తెప్పించింది. చూస్తే కవలల్లాగా ఉండేవి.

ఆమె భర్త వలి బాషా ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకు ఇది ఏమాత్రం నచ్చలేదు. "ఒక్క పోటీకి పో. ఆడ నలుగురి ముందర నవ్వులపాలైనావంటే మళ్ళా ఈ తుపాకీ మాట ఇంట్లో ఎత్తకూడదు" అని షరతు పెట్టాడు. ఆ సంగతి ఆమె మా అందరి దగ్గరా చెప్పుకుంది. నవ్వుతూనే చెప్పింది గాని, చెబుతున్నప్పుడు చీర కొంగు వేలికి చుట్టి విప్పుతూనే ఉంది.

"వలి బాషాది ఎంత మామా?" అని అడిగాను.

"మొగుడిగా వంద. డ్రైవరుగా ఐదొందలు. ఆయన్ను మనం డ్రైవరు సీట్లో కూచోబెట్టాల, అంతే" అన్నాడు మామ.

పోటీ రోజు పొద్దున తుపాకులన్నీ జమ్మలమడుగు షెడ్డులో స్టాండుకు నిలబెట్టి, ప్రతిదానికీ పేరు రాసిన అట్టముక్క దారంతో కట్టాం. స్టాండులో పెట్టాక ఏ తుపాకీకీ స్క్రూడ్రైవర్ తగలకూడదు. ఆ నియమమూ మామ రాసిందే. మేము టిఫిన్లు చేసి వచ్చేసరికి ఆయన స్టాండు దగ్గర నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఏంది మామా, టిఫిన్ వద్దా?"

"అన్నీ ఖాళీగా ఉండాయో లేదో ఒక్కొక్కటే సూస్తాండా పాపా" అన్నాడు. ఎప్పుడూ చేసే పనే కాబట్టి నేను పట్టించుకోలేదు.

తూకం మొదలైంది. ప్రవీణ్‌ది నిలిచింది. నాది నిలిచింది. నాసిర్‌ది నిలిచింది, వాడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. బిస్మిల్లా బీ పేరు పిలిచేసరికి ఆమె మొహం తెల్లగా పాలిపోయింది, పెదాలు కదులుతున్నాయి. వెనక వలి బాషా టిఫిన్ క్యారియర్ పట్టుకుని, నవ్వడానికి సిద్ధంగా ఉన్న జనం మధ్య నిలబడి ఉన్నాడు. మామ రాయిని కళ్ళకద్దుకుని తగిలించాడు. తుపాకీ లేచింది, రాయి వేలాడింది.

"నిలిచింది."

చివరికి మామ పేరున్న తుపాకీ వచ్చింది. తనది తాను తూచుకోకూడదని రాయి ప్రవీణ్ చేతికిచ్చాడు. ప్రవీణ్ మెల్లగా లేపాడు. రాయి నేల విడిచిందో లేదో, టక్కుమంది.

మామే అన్నాడు. "జారింది."

ఆ తర్వాత లేచిన నవ్వులు పెన్నా అవతలి గట్టుకు వినబడి ఉంటాయి. "శెట్టి తుపాకీ జారిందప్పో!" అని ఒకడు, "ఇన్నేండ్లు మనల్ని తూచినాడు గదా" అని ఇంకొకడు. మామ కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. రాయిని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

నేను నవ్వలేదు. కప్పు కళ్ళముందే పోతుంటే ఎలా నవ్వుతాను? "మామా, ఊరందరికీ నీతులు చెప్పి నీ స్క్రూ నువ్వు చూసుకోలేదా? ఈ ఒక్క పొద్దు కోసం ఎన్నాళ్ళు కూచున్నాం?" అని నలుగురిలో అరిచాను. ఆయన నా వైపు జాగ్రత్తగా చూశాడు.

"నలభైకి దిగింది ప్రసూనమ్మ. నీళ్ళు తాగు" అన్నాడు.

మిగిలిన ముగ్గురం కూర్చున్నాం. బిస్మిల్లా బీ కొట్టిన ప్రతి గుండూ చుక్క నడుమ పడింది. నన్ను దాటింది, నాసిర్‌ను దాటింది, ప్రవీణ్‌ను కూడా దాదాపు పట్టుకుంది. అయినా కప్పు రెండే రెండు మార్కుల తేడాతో పులివెందులకు పోయింది. మామ కూర్చుని ఉంటే కప్పు మాదే. ఈ లెక్క నేను చాలాసార్లు వేశాను, ఎటు నుంచి వేసినా అంతే వస్తుంది. వలి బాషా మాత్రం క్యారియర్ తెరిచి, తెలియనివాళ్ళకు కూడా పలావు పెడుతూ, "రెండో స్థానం మా ఇంటామెదే" అని చెబుతూ తిరిగాడు. తర్వాతి ఆదివారం నుంచి ఆమెను క్లబ్బుకు స్కూటర్ మీద తీసుకొచ్చేది ఆయనే. దారిలో ఎవరైనా అడ్డం వస్తే హారన్ ఆపడు.

మామ ఆ రోజుతో తూచడం మానేశాడు. "తన ట్రిగ్గర్ జారినోడు ఇంకొకరిది పట్టుకోకూడదు" అన్నాడు. బతిమాలాం, వినలేదు. పోటీల్లోనూ మళ్ళీ కూర్చోలేదు. ఆదివారాలు వచ్చి, ఇసుక సంచులు సర్ది, మా అందరికీ ఉగ్గాని పెట్టి, ఎవరి కోపం ఎంతకు దిగిందో చెప్పి పోయేవాడు. తూకానికి ఆన్‌లైన్‌లో ఒక డిజిటల్ మిషన్ తెప్పించాం. దాని బ్యాటరీ సరిగ్గా పోటీ రోజే అయిపోయేది. మూడూళ్ళ వాళ్ళూ మళ్ళీ ఒకరినొకరు నమ్మడం మానేశారు. అంత గురి ఉన్న మనిషి పేరు ఏ ఫలితాల కాగితంలోనూ పైన ఎక్కకుండానే పోయిందే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కార్తీకంలో ఒక పొద్దున అంగడి తెరిచి, త్రాసుకు దండం పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి పోయాడట. పేలకుండానే పోయాడు.

ఈ ఏడు పోటీకి ముందు తుపాకులన్నీ నాసిర్ అంగట్లో విప్పి శుభ్రం చేయిస్తున్నాం. బిస్మిల్లా బీ, వలి బాషా కూడా వచ్చి కూర్చున్నారు. ఆమె తుపాకీ వెనక, భుజానికి ఆనే రబ్బరు బిళ్ళ విప్పిన నాసిర్ చేతులు ఆగిపోయాయి.

"బిస్మిల్లక్కా, నీ తుపాకీకి ఆయుధపూజ ఎవురు చేసినారు?"

"ఏందిరా నువ్వనేది?"

వాడు చూపించాడు. స్క్రూ గాడిలో, చెక్క సందులో ఎండిపోయిన పసుపు, దాని నడుమ కుంకుమ. ప్రొద్దుటూరు దసరా సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ పూజలో బంగారు అంగళ్ళ వాళ్ళు త్రాసుకూ, బీరువాకూ, స్కూటర్‌కూ, ఫ్రిజ్‌కూ బొట్టు పెడతారు. మామ ఇంట్లో అయితే తుపాకీకి కూడా పెట్టేవాళ్ళు. ఆ బొట్టు తుడిస్తే పైపైనే పోతుంది, సందులో దిగింది పోదు.

బిస్మిల్లా బీ ఆ పసుపును వేలితో తాకింది. తర్వాత నా మొహం చూడకుండా చెప్పింది. "ఆ పొద్దు జమ్మలమడుగు పోయేముందర రాత్రి, మిషన్ స్క్రూడ్రైవర్‌తో ట్రిగ్గర్ స్క్రూ తిప్పినా ప్రసూనా. తేలికగా ఉంటే బాగ తగుల్తాదని ఎవురో అంటే. పొద్దున స్టాండులో పెట్టినంక భయమేసింది. జారుతాది, జారుతాది అనుకుంటాంటే నాది నిలిచింది. తిప్పని ఆయనది జారింది. ఇన్నేండ్లూ నాకు అర్థం కాలా."

"కాల్చేటప్పుడు తేడా తెలియలేదా?" అన్నాను.

"ట్రిగ్గర్ బరువుగానే అనిపించింది. భయానికి నా వేలే బరువెక్కిందనుకుంటి. స్కోపులో మసకగా ఉంటే కండ్లల్లో నీళ్ళనుకుంటి. అది ఆయన కండ్లకు సరిచేసిన స్కోపని నాకేం తెలుసు?"

వలి బాషా టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మేం నలుగురం తుపాకీ పట్టుకుని మామ ఇంటికి పోయాం. నిర్మలమ్మత్త తలుపు తీసి, మమ్మల్ని కాదు, తుపాకీని చూసింది.

"వచ్చినాదా మా ఇంటిది" అంది.

"నీకు తెలుసా అత్తా?"

"నా చేత్తో బొట్టు పెట్టిన తుపాకీ నాకు తెలీదా? ఆ సాయంత్రం ఇంగోటి ఎత్తుకొచ్చినాడు. ఇదెవరిదయ్యా అంటే చెప్పినాడు. పొద్దున ఖాళీ తుపాకులు ఎక్కుపెట్టి వేలు పెట్టి సూస్తాంటే ఆ యమ్మది అట్ల తాకంగానే టక్కుమన్యాదంట. స్క్రూడ్రైవర్ పెట్టకూడదని రాసిందీ తానే. ఆమెది జారితే వాళ్ళాయన మళ్ళా గడప దాటనీడు. దాన్ని అట్లనే కాల్చనిస్తే ఎవురి కన్నో పోతాది. అందుకని అట్టముక్కలు మార్చేసినాడు. 'నాదైతే ఏముంది నిర్మలా, నవ్వుతారు, అంతే గదా' అన్యాడు."

"అట్టముక్కలు మార్చకూడదని నియమం లేదా?" అన్నాడు నాసిర్.

నాకు గుర్తొచ్చింది. లేదు. నియమాలు రాసిన మనిషికి ఏది రాయలేదో కూడా తెలుస్తుంది.

మంచి తుపాకీ ఆమెకు పోయింది, చెడ్డది ఆయన పేరు మీద బయటికి పోయింది. ఎవరి కన్నూ పోలేదు. పోయింది కప్పు ఒక్కటే, అది నాది. ఆమెదే జారి ఉంటే మిగిలిన మా ముగ్గురి మార్కులతో కప్పు మాకొచ్చేదని ఆయనకు తెలియక కాదు. ఒక్క మాట నాతో చెప్పి ఉండకూడదా? చివరిదాకా ఉగ్గాని పెట్టాడు గాని ఆ మాట పెట్టలేదు. ఆయన బతికుండగా తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు. ఇంకోసారి గట్టిగా పోట్లాడేదాన్ని, ఆయన ముప్పై అనేవాడు, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. అది జరగలేదనే నా బాధ.

బిస్మిల్లా బీ కళ్ళు తుడుచుకుంది. నాసిర్ "అందరినీ తూచినాడు, ఆయనది ఎంతో మనకు తెలీకుండానే పాయె" అన్నాడు.

"తూచడానికి అంత రాయి మన దగ్గర యాడుంది భాయి?" అంది బిస్మిల్లా బీ.

నిర్మలమ్మత్త ఆ మాటకు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాం. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"యాడి రాయమ్మా! మీ ముందర రాయి. ఇంట్లో దూది. పప్పులో ఉప్పు రవ్వంత తగ్గితే కంచం ఎగిరేది. పది గ్రాములు, అంతకు ఎక్కువ లేదు. పేలడం, గంటకు వచ్చి నా చేతిలో మల్లెపూలు పెట్టడం. నలభై ఏండ్లు మోసినా."

నాసిర్ నేల మీద కూలబడి నవ్వాడు. వాడు ఉప్పు వేసింది కాఫీలో. పప్పులో తగ్గించి చూడాల్సింది.

పోయేటప్పుడు అత్త ఎర్ర మఖమలు గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఈసారి నువ్వు తూచు" అంది.

"ఎనభై గ్రాముల దాన్ని, నేనా?"

"ఆయన చెప్పిపోయిన మాటే. 'ఆ పిల్ల పేలితే అందరి ముందరే పేలుతాది, దాచిపెట్టుకోదు. అట్లాంటోళ్ళు తూకంలో మోసం చెయ్యరు' అన్యాడు."

ఈ ఏడు జమ్మలమడుగులో నేనే తూచాను. గుండు లేదని చూసుకున్నాను, తెచ్చినవాడికి చూపించాను, పక్కవాడికీ చూపించాను. రాయిని కళ్ళకద్దుకున్నాను. మూడూళ్ళ వాళ్ళూ నోరెత్తలేదు. బిస్మిల్లా బీ మామ తుపాకీతోనే కూర్చుని అందరికంటే మొదట వచ్చింది. వలి బాషా క్యారియర్లు ఈసారి మూడు. కప్పు మాత్రం, నా ఖర్మ, నా గుండు ఒక్కటి తప్పడం వల్ల మళ్ళీ పులివెందులకే పోయింది.

ప్రవీణ్ కప్పు నెత్తిన పెట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "ఏం అక్కా, పుట్టింటి సొమ్ము పుట్టింట్లోనే ఉంటే నీకు నిశ్చింత గదా? కావాలంటే పండక్కి వచ్చినప్పుడు ముట్టుకొని సూడు" అన్నాడు.

షెడ్డులో అందరూ నా వైపు తిరిగారు. నా చెవులు వేడెక్కాయి. నాలుక చివర దాకా ఏం వచ్చిందో ఇక్కడ రాయలేను. చేతిలో ఇత్తడి రాయి చల్లగా తగిలింది. దాన్ని గుడ్డలో చుట్టాను.

"మంచిది నాయనా. చింతపండు పెట్టి తోము, బాగా మెరుస్తుంది" అన్నాను.

ప్రవీణ్ కప్పును నెత్తి మీంచి కిందికి దించాడు. నా వెనక నాసిర్ మెల్లగా, అచ్చం మామ గొంతుతో అన్నాడు.

"నిలిచింది."